ఇంటి నంబరు 9-61/4

నా చేతిలో జాబితా. పార్టు నంబరు ఎనభై ఆరు.
వెయ్యీ నూట ముప్ఫై ఏడు మంది,
తపాలా బిళ్ళంత మొహాలతో
ఇప్పుడే ఎవరో తిట్టి వెళ్ళినట్టు చూస్తుంటారు.

చిట్టినగర్‌లో ఆటో దిగి
సొరంగానికి కాస్త ముందే సందులోకి తిరిగితే మెట్లు.
రెండు వందల పన్నెండు.
నేను లెక్కపెట్టలేదు, మోకాళ్ళు లెక్కపెట్టాయి.

పోటీ చేసేవాళ్ళు తొంభయ్యో మెట్టు దగ్గర
కుళాయి గట్టెక్కి పైకి చేతులూపుతారు.
జెండా ఏ రంగుదైనా
ఆయాసం అందరిదీ ఒకటే.
ఆ పైనున్న జనం ఎమ్మెల్యేలని
ఎప్పుడూ నడినెత్తి వైపు నుంచే చూశారు.
ఎవరికెప్పుడు జుట్టు పలచబడిందో
వాళ్ళనడగాలి.

మోటారు వేసినా నీళ్ళు నూట నలభై దాటవు.
డబ్బు దాటుతుంది.
పోలింగుకు ముందు రాత్రి, టార్చి లేకుండా,
ఏ మెట్టు విరిగిందో ముందే తెలిసినట్టు
మడత నలక్కుండా
చివరి గడప దాకా ఎక్కుతుంది.

నేను అంగన్‌వాడీ టీచర్ని.
పిల్లలకు గుడ్లు పంచే చేత్తోనే
పేర్లు చేరుస్తాను, పేర్లు కొట్టేస్తాను.

ఖైరున్నీసా, వయసు ముప్ఫై నాలుగు.
పోయినసారీ అంతే, అంతకు ముందూ అంతే.
సరిచేయించనా అంటే
"వదిలెయ్ టీచరూ, ఒక్క చోటన్నా ఆగనీ" అంది
మనవడి ముక్కు తుడుస్తూ.

బెవర అప్పలసూరి, లింగం: స్త్రీ.
రెండుసార్లు ఫారం పెట్టాను.
ఈసారి మగవాడయ్యాడు గానీ
ఫొటో వాళ్ళావిడది పడింది.
బస్తాలు మోయడానికి బయల్దేరుతూ నవ్వుతాడు:
"బస్తాకి పేరెందుకమ్మా, గుర్తుంటే చాలదా?"

తర్వాత 9-61/4.
ఓట్లు పదకొండు.
వెళ్ళి చూస్తే బండ.

మూడు వానాకాలాల కిందట, తెల్లారుజామున,
కొండ భుజం దులుపుకుంది.
చప్పుడుకి లేచినవాళ్ళు లేచినట్టే బయటపడ్డారు.
మేక పోయింది. బియ్యం డబ్బా, కుట్టు మిషనూ
ఇంకా దాని కిందే ఉన్నాయి.
ముగ్గురు సింగ్‌నగర్‌లో అద్దెకు,
నలుగురు జక్కంపూడిలో,
మిగిలినవాళ్ళు ఎక్కడ గది దొరికితే అక్కడ.

ఇల్లు మారినవాళ్ళని కొట్టెయ్యమంటుంది రూలు.
వీళ్ళు ఇల్లు మారలేదు,
కొండ మారింది.
దానికి ఫారం లేదు.

పోయిన పోలింగు రోజున
రెండు ఆటోలు మాట్లాడుకుని పదకొండు మందీ వచ్చారు.
బూత్ కింద బడిలో ఉంటే
ముందు పైకెక్కారు.
బండకు నీడ పడే వైపు టిఫిన్ బాక్సులు పెట్టి,
దోనేపూడి మార్తమ్మ
ఇక్కడ పొయ్యి, ఇక్కడ నవారు మంచం అని
చిన్నపిల్లలకు చూపించింది.
పాత పక్కింటామె మజ్జిగ తెచ్చింది.
పాత అప్పుల వాడూ వచ్చాడు.
తర్వాత దిగి, వరసలో నిలబడి
ఓటు వేసి వెళ్ళారు.
ఎవరికి వేశారో నాకు తెలీదు.
గెలిచినవాడికీ తెలీదు
ఒక బండకు తాను రుణపడ్డాడని.

ఇప్పుడు మార్తమ్మ మనవరాలు కెజియా వచ్చింది.
పద్దెనిమిది నిండాయి.
పాలిటెక్నిక్ బ్యాగులోంచి ఫారం తీసి
చిరునామా దగ్గర పెన్ను ఆపి
నా వైపు చూడకుండానే రాసేసింది:
9-61/4.

"ఇప్పుడుండేది రాయాలమ్మా."
"ఇప్పుడుండేది ఓనరుది టీచర్.
ఏడాదికోసారి మారుద్ది."

ఫారం కింద నా గడి ఉంది:
స్వయంగా వెళ్ళి విచారించితిని. అవును / కాదు.

వెళ్ళాను.
మిట్టమధ్యాహ్నం.
కాసేపు తలుపు ఎటు ఉండేదో వెతుక్కుని
అక్కడ చెయ్యి పెట్టాను.
కాలింది.

అవును దగ్గర టిక్కు పెట్టి
మెట్లు దిగుతున్నాను,
పన్నెండు అనుకుంటూ.